సర్టిఫికెట్ తాత చూడని సినిమా

ఆ సినిమా హాల్లో గేటు దగ్గర నిలబడే మనిషిని అందరూ సర్టిఫికెట్ తాత అంటారు. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో సర్టిఫికెట్ మావయ్య అనేవారు, అంతే తేడా. ఆట మొదట్లో తెర మీద పడే సర్టిఫికెట్‌ని అంత భక్తిగా చదివే మనిషి ఇంకొకరు ఉండరు. ‘పెద్దలకు మాత్రమే’ అని ఉందా, ఇక ఆయన చండశాసనుడే. పెట్టుడు మీసాలతో వచ్చిన కుర్రాళ్ల మీసాలు పీకి మరీ ఇంటికి పంపిన ఘనుడు.

ఆ మంకుపట్టు ఒకసారి ఆయన ఇంటి మీదికే వచ్చింది.

కూతురికి తొమ్మిదేళ్లప్పుడు షూటింగువాళ్లు ఊళ్లోకి వచ్చి, ఆ పిల్ల కళ్లు చూసి ముచ్చటపడి ఒక వేషం ఇచ్చారు. తండ్రి తాగొచ్చి తల్లిని కొడుతుంటే బల్ల కింద దాక్కునే పాప వేషం. అప్పట్లో సర్టిఫికెట్లు రెండే రకాలు. అందరూ చూడొచ్చు, లేదా పెద్దలే చూడాలి. ఆ కొట్టే సీను తీసేస్తే అందరూ చూసే సర్టిఫికెట్ ఇస్తామంది సెన్సారు బోర్డు. డైరెక్టరు ససేమిరా అన్నాడు. పెద్దల ముద్ర పడింది.

మొదటి ఆటకి పిల్ల కొత్త గౌను వేసుకుని పరుగున వచ్చింది. తండ్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

“అందులో ఉన్నది ఈ పిల్లేనయ్యా! వదిలెయ్,” అని మేనేజరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

“తెర మీద ఉంటే ఉండొచ్చు సార్. హాల్లో ఉండటానికి వీల్లేదు.”

వినడానికి మనకి నవ్వొస్తుంది గానీ, ఆ పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికి పోయింది. వారం తిరక్కుండా సినిమా ఎత్తేశారు. పెద్దల ముద్ర పడ్డ బొమ్మ కాబట్టి టీవీవాళ్లూ వెయ్యలేదు. ఆమె పెద్దదై, నర్సు ఉద్యోగంలో చేరి, ఒక పాపకి తల్లయింది. తండ్రితో అన్ని కబుర్లూ చెప్తుంది, ఆ సినిమా ఊసు తప్ప.

తల్లిదండ్రులూ టీచర్లూ ఏళ్ల తరబడి పోరగా పోరగా బోర్డు కదిలింది. ఏడు, పదమూడు, పదహారు అని వయసుకో మెట్టు పెట్టింది, కారణం కూడా రాయడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ముద్దు కనిపిస్తే కెవ్వుమన్న బోర్డు, ఇప్పుడు సిగరెట్టు కనిపిస్తే కెవ్వుమంటోంది. ఇదే అదనని ముసలి డైరెక్టరు తన పాత సినిమాని మళ్లీ బోర్డు ముందు పెట్టాడు. అది ఈ హాల్లోనే ఆడబోతోందని తెలిసి కూతురు తండ్రి దగ్గరికొచ్చింది.

“పాపకి చూపిస్తా నాన్నా. దానికీ ఇప్పుడు తొమ్మిదే. ఈసారి దాన్ని కూడా ఆపాల్సొస్తే మాత్రం, నేను మళ్లీ ఈ గడప తొక్కను.”

తాత కళ్లలో వత్తులు వేసుకుని పోస్టరు కోసం ఎదురుచూశాడు. రానే వచ్చింది. మూలన పెద్ద అక్షరాల్లో పదమూడు. అక్కడే స్టూలు మీద కూలబడి, కళ్లజోడు తుడుచుకుని, కింద ఉన్న సన్న అక్షరాలు చదివాడు. ‘ఇంట్లో కొట్టే దృశ్యం ఉంది. చిన్నపిల్లలు పెద్దవాళ్ల తోడుతో చూడవచ్చు.’ ఆ ముక్క వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చదివి వినిపించి, మేనేజరు ప్రాణం తీశాడు.

మొదటి ఆటకి తల్లీకూతుళ్లు వచ్చారు.

“పాపతో పెద్దవాళ్లెవరు?” అన్నాడు తాత. మనవరాలైనా సరే, అడగాల్సింది అడగాల్సిందే.

“నేను,” అంది కూతురు. “నీకేం నాన్నా, నువ్వు అప్పుడే చూసేసి ఉంటావు.”

“చూళ్లేదమ్మా.”

“ఆడినన్నాళ్లూ ఈ తలుపు దగ్గరే ఉన్నావుగా?”

“నిన్ను బయటికి పంపేసి, నేనెట్లా లోపలికెళ్లి చూస్తాను?”

మేనేజరు వచ్చి తాత చేతిలో టార్చి లాక్కుని, “పాపకి తోడు ఇద్దరుంటే తప్పని ఏ రూల్లోనూ లేదు, నడువు,” అన్నాడు.

పాపని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. తెర మీద తలుపు దభేలున తెరుచుకుంది. పాప ఇద్దరి చేతులూ గట్టిగా పట్టుకుంది.

“అమ్మా, ఆ బల్ల కింద ఉన్నది నువ్వేనా?” అని గుసగుసగా అడిగింది.

తల్లి నోరు తెరిచేలోపే, “మా అమ్మాయే!” అన్నాడు తాత, హాలంతా వినపడేలా. అన్నేళ్లుగా హాల్లో టార్చి వేసి అందరి నోళ్లూ మూయించిన మనిషిని, వెనక వరసవాళ్లు “ష్!” అని కసురుకున్నారు.