పంతులమ్మ చెప్పిన పెరుగు పాఠం

అరవైల్లో మాట. జగ్గయ్యపేట నుంచి నందిగామ పోయే బస్సు చిల్లకల్లులో ఆగినప్పుడు ఒక ముసలావిడ పెరుగు కుండతో ఎక్కి నా పక్కన కూర్చుంది. నడుం బాగా వంగిపోయింది. ఎడమ మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది.

"ఎలా విరిగిందండీ?" అన్నాను.

"గడప కాడ కాలు జారిందమ్మా, అంతే. ఎముకలు పుల్లలైపోయినయ్."

"ఇంట్లో పాడి పెట్టుకుని పెరుగు తినరా?"

"నాకేడ మిగులుద్ది? మగోళ్ళకి పోసి, ఉన్నది అమ్ముకోవాల. నేను కుండ కడిగిన నీళ్ళు అన్నంలో పోసుకుంటా."

నాకు ఒళ్ళు మండింది. పాలు, పెరుగు, నువ్వులు, రాగులు ఎముకకు బలమని బళ్ళో పిల్లలకు బల్లగుద్ది చెప్పే పంతులమ్మని నేను. నందిగామ వచ్చేదాకా ఆవిడకూ అదే పాఠం చెప్పాను. వయసులో ఉన్నప్పుడు తినకుండా ఇప్పుడేడిస్తే ఏం లాభమని కూడా అనేశాను.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. దిగేముందు నా మణికట్టు రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.

"నువ్వు తింటన్నావా తల్లీ?"

"ఎందుకు తినను?" అన్నాను విసుగ్గా.

ఆ సాయంత్రం ఇంట్లో మగవాళ్ళ భోజనాలయ్యాక నేనూ, మా తొమ్మిదేళ్ళ అమ్మాయీ కూర్చున్నాం. ఖాళీ అయిన పెరుగు గిన్నెలో నీళ్ళు పోసి కడిగి, ఎప్పటిలాగే నా అన్నంలో వంచుకోబోతూ ఆగిపోయాను. నా మీద నాకే చిరాకేసింది.

అప్పటికే అమ్మాయి కంచం ముందుకు జరిపింది.

"నాక్కూడా కాసిని పొయ్యమ్మా."