ముట్టుకోని అమ్మమ్మ

పురుగు పట్టి పత్తి పంటంతా పోయిన ఏడాది సంగతి. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే బస్సులో నా పక్కన నా ఈడు మనిషే కూర్చుంది. ముఖాన చెమటను అరచేత్తో కాక మోచేత్తో తుడుచుకుంటుంటే, మిరపకాయల తొడిమలు తీసే మనిషని తెలిసిపోయింది. నేనూ ఆ పని చేసినదాన్నే.

"కోర్టు నుంచి వస్తున్నా వదినా," అంది. కూతురు పోతే మనవరాలిని తనే పెంచిందట. మళ్ళీ పెళ్ళి చేసుకున్న అల్లుడు ఇప్పుడొచ్చి పిల్లని తీసుకుపోతానంటే, తన దగ్గరే ఉంచమని ఈమె కేసు వేసింది.

"అమ్మమ్మ నిన్ను దగ్గరకి తీసుకుంటుందా అని జడ్జిగారు పిల్లనడిగారు. 'పని నుంచొస్తే నన్ను ముట్టుకోదండీ' అంది. పిల్లని వాడికే ఇచ్చేశారు."

"కారం చేతులు, ముట్టుకుంటే పిల్ల ఒళ్ళు మండుద్దని చెప్పలేకపోయావా?" అని కసిరాను.

"చెప్పా. కడుక్కోవచ్చుగా అన్నాడు వాళ్ళ లాయరు."

ఎంత కడిగినా ఆ మంట పోదని మా జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. ఆ లాయరుదీ మా జిల్లాయేనట.

"పై కోర్టుకి వెళ్ళు. పిల్ల తెలియక అబద్ధం చెప్పిందను," అన్నాను.

"అబద్ధమేముంది వదినా. ఒళ్ళోకి వస్తుంటే నేనే తోసేసేదాన్నిగా," అంది.

కోర్టులో నిజం చెబితే చాలని ఎవరైనా అంటే, ఇప్పటికీ నేను అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతాను.