రాణిని వాపసిచ్చిన వారం

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక జూన్ నెలలో, సూరత్‌లో ఒక ధర్మసంస్థ నడిపే పశువుల ఆసుపత్రిలో నన్ను చిన్న జంతువుల విభాగానికి మార్చారు. హోదా సీనియర్ వెటర్నరీ ఆఫీసరు. పేరు గొప్పదే, నా కింద ఉన్నది ఒక్క కాంపౌండరు. మావారు రైల్వే ఉద్యోగి కావడంతో అప్పటికే పద్దెనిమిదేళ్లుగా ఆ ఊళ్లో ఉన్నాం. ఎడ్లకూ గేదెలకూ వైద్యం చేసి చేసి నడుం పడిపోయింది, ఇకనైనా కాస్త హాయిగా గడుస్తుందనుకున్నాను.

చేరిన రెండో వారంలోనే రాజేశం ఆటోలో రాణిని తెచ్చాడు. అతను సూరత్ పక్కనే ఉన్న సచిన్ అనే చోట మగ్గాల షెడ్డు మేస్త్రీ. వడోద్‌లో రెండు గదుల ఇల్లు. రాణి దూడంత గ్రేట్ డేన్ కుక్క, వయసు మూడేళ్లు. తమ షెడ్డు బట్ట కొనే లక్ష్మణ్ శేట్ తన ఇంట పుట్టిన పిల్లను అభిమానంతో ఇచ్చాడట.

"మొన్నటిదాంక మంచిగనే ఉండె మేడం. గిప్పుడు లేస్తనే లేదు. సెలైన్ ఎక్కిస్తే లేస్తది, పది రోజులకు మల్ల గిట్లనే పడిపోతది," అన్నాడు రాజేశం.

అంతకుముందు చూసిన ఒక డాక్టరు తిండి పడలేదన్నాడు. ఇంకొకాయన కిడ్నీ అన్నాడు. అంత నీరసపడ్డ కుక్కకు గుండె వేగంగా కొట్టుకోవాలి, దీనికేమో నెమ్మదిగా కొట్టుకుంటోంది. రక్తంలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. నాకు అనుమానం వచ్చింది. ఒకసారి రక్తం తీసి, అడ్రినల్ గ్రంథిని ప్రేరేపించే సూది వేసి, గంట తర్వాత మళ్లీ తీశాను. మామూలు కుక్కలో ఆ గంటలో ఆ గ్రంథి వదిలే కార్టిసాల్ అనే హార్మోను బాగా పెరగాలి. రాణికి సూదికి ముందూ లేదు, తర్వాతా లేదు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే ఆ రెండు గ్రంథుల్నీ దాని ఒళ్లే పరాయివనుకుని పాడుచేసుకుంది. మందులుంటే నిండు ఆయుష్షు బతుకుతుంది, మానేస్తే చస్తుంది. రోజూ రెండు రకాల మాత్రలు రాసి, ఒక్క పూట కూడా తప్పకూడదని రాజేశానికి మూడుసార్లు చెప్పాను.

ఇంకొక మాట కూడా చెప్పాను. కొన్ని జాతుల్లో ఈ జబ్బు వంశంలో వస్తుంది. తల్లీ తండ్రీ ఆరోగ్యంగానే ఉంటాయి, కానీ రెండూ లోపాన్ని తలా కొంత మోస్తుంటే కొన్ని పిల్లల్లో అది బయటపడుతుంది. అదీ రెండు మూడేళ్లు నిండాకనే ఎక్కువ. ఈలోగా అదే జత ఇంకో రెండు ఈతలు ఈనేస్తుంది. ఏ పిల్లకొస్తుందో ముందే చెప్పే పరీక్ష నా దగ్గర లేదు. కాబట్టి ఆ జతను మళ్లీ కట్టించొద్దని శేట్‌కు చెప్పమన్నాను. సరే మేడం అని తలూపి వెళ్లాడు.

రాణి కోలుకుంది. మూడు వారాలకు బరువు కూడా పెరిగింది. నాలుగో వారం చూపించడానికి రాలేదు. ఫోన్ చేశాను.

"వాపస్ ఇచ్చినం మేడం. శేట్ బదులుకు కొత్త పిల్లనిచ్చిండు," అన్నాడు రాజేశం, అదేదో శుభవార్త అయినట్టు.

"మరి మాత్రలు?"

"గోలీలు మా ఇంట్లనే ఉన్నయ్. శేట్ తానకు పోయినంక ఆయనే చూస్కుంటడనుకున్న."

ఇచ్చి అయిదు రోజులైందట. కాంపౌండర్ను వెంటబెట్టుకుని సెలైన్ సీసాలతో శేట్ ఇంటికి పరిగెత్తేసరికి, రాణి పొద్దున్నే పోయిందని చెప్పారు. మొదటి రోజు బాగానే తిందట, అందుకే ఎవరూ పట్టించుకోలేదట.

ఒళ్లు మండిపోయి అక్కణ్ణించి నేరుగా రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లోని శేట్ దుకాణానికి వెళ్లాను. శేట్ తండ్రి కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి వచ్చినవాడు. కొడుకు హోల్‌సేల్ వ్యాపారి అయ్యాడు. నన్ను పరుపు మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"నా దుకాన్‌ల ఖరాబ్ మాల్ పోతే వాపస్ తీస్కుంట మేడం. అదే జత ఈనిన పిల్లనిచ్చిన. నా పేరు మీద ఖరాబ్ మాల్ ఎందుకుండాలె?"

ఆ మార్కెట్లో అది వాడుక. చీరల్లో తేడా వస్తే కట్ట తిరిగొస్తుంది, వ్యాపారి మారు మాట్లాడకుండా అదే డిజైన్లో మరో కట్ట పంపుతాడు. రాజేశం కబురు చెప్పాడు, శేట్ దాన్ని తన వ్యాపారంలోకి అనువదించుకున్నాడు. మోసం చేసేవాడైతే తిట్టి రావచ్చు. ఇంత నిజాయితీగా కొంప ముంచేవాణ్ణి ఏం చెయ్యను? నెత్తీనోరూ కొట్టుకుని మళ్లీ మొదటినుంచి చెప్పాను.

"అయితే గా పిల్లను గూడ వాపస్ తీస్కుంట. మగదానికి వేరే ఆడకుక్కను చూస్త," అన్నాడు.

"శేట్! మీరు దేన్నీ వాపసు తీసుకోవద్దు. ఆ మగకుక్కలోనూ లోపముంది, దాన్ని ఎక్కడికీ పంపొద్దు. ఇదివరకు పిల్లల్ని ఎవరెవరికిచ్చారో వాళ్లకిప్పుడే, నా ఎదురుగా ఫోన్ చెయ్యండి," అని అరిచాను. పక్క దుకాణంవాళ్లు తొంగిచూశారు.

చేశాడు. ఇద్దరు తమ కుక్కలు కిడ్నీ పాడై ఎప్పుడో పోయాయన్నారు. రెండోవాళ్ల మాట కూడా విన్నాక శేట్ చాయ్ కప్పు కింద పెట్టేశాడు. నాలుగో ఫోన్ పక్క ఊరు నవ్‌సారికి. వాళ్ల కుక్క మూడు రోజులుగా లేవడం లేదట, బాధపడకుండా రేపు సూదేసి ప్రాణం తీసేస్తామని డాక్టరు చెప్పాడట. శేట్ చేతిలోంచి ఫోన్ లాక్కుని ఆ డాక్టరు నంబరు తీసుకుని ఆయనకు చేశాను. గుండె వేగం చూడమన్నాను, సోడియం, పొటాషియం చూడమన్నాను. అదే జబ్బు. ఆ కుక్క బతికింది. శేట్ ఆ జతను మళ్లీ కట్టించలేదు. కొత్త పిల్ల రాజేశం ఇంట్లోనే ఉండిపోయింది; నేను రిటైరయ్యేదాకా దానికి జబ్బు కనపడలేదు, రాదని మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఆ తర్వాత ఇలాంటి కేసు ఏది తేలినా, కుక్క బల్ల దిగకముందే దాని తల్లిదండ్రుల యజమానికి నేనే ఫోన్ చేసేదాన్ని. అవతల ఫోన్ ఎత్తకపోతే ఎత్తేదాకా చేసేదాన్ని. వంశంలో ఉన్న జబ్బు సంగతి ఆ వంశాన్ని పెంచేవాడికి డాక్టరే చెప్పాలి, కబురు పంపకూడదు. రాజేశాన్నీ శేట్‌నూ చాలా రోజులు తిట్టుకున్నాను. నిజానికి నవ్‌సారి కుక్కను కాపాడిన ఆ ఫోన్లు రాణికి జబ్బు తేలిన రోజే చేయించి ఉండవచ్చు. రాజేశంతో చెప్పి పంపితే చాలనుకున్నది నేనే.