ముందుకెళ్లి రెండడుగులు

ఫోనులో అన్నయ్య "దిగింది" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని నా అద్దెగదిలో నేలమీద చతికిలబడి పెద్దగా నవ్వాను. పక్క గదిలో ఉండే అమ్మాయి కంగారుగా వచ్చి ఏమైందని అడిగింది. ఏం చెప్పను? ఎనిమిదిలో సగం ఎంతో నాకు ఇప్పుడే తెలిసిందని చెప్పాలా? నేను లెక్కల టీచర్ని. అదే వీధి చివర కోచింగ్ సెంటర్లో, నలుగురు కూర్చునే బెంచీల మీద ఆరుగురిని కుక్కి, గొంతు పోయేలా లెక్కలు చెప్పేదాన్ని.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. వారంలో రెండు రోజులు బంద్, ఇంకో రోజు రాస్తారోకో. మాది బందరు దగ్గర సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. అన్నయ్యకి ఒక పాత ఫైబర్ బోటు ఉంది, దాని మీదే వాళ్ల బతుకు. ఆ ఏడాది గాలివానకి కేబిన్ మీది టాపు విరిగి సముద్రంలో కలిసిపోయింది. టార్పాలిన్ కట్టి రెండు నెలలు నెట్టుకొచ్చాడు. వర్షానికి వైర్‌లెస్ తడిసి పాడైంది, ఎండకి అన్నయ్య మెడ వెనక చర్మం ఊడిపోయింది. ఈలోగా చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేశారు. ఆ విరామంలోనే కొత్త టాపు వేయించుకోవాలి. అది పాత రకం బోటు, ఆ అచ్చు ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. కొత్తగా చేసిపెట్టే మేస్త్రీలకి ఆ నెలన్నరలోనే ఊరందరి బోట్ల పనీ ఉంటుంది. వేట మొదలయ్యాక చేస్తామన్నారు.

అంటే కొంప మునిగినట్టే. వేట తెరిచిన రోజు బోటు కదలకపోతే దాని మీద పనిచేసే కలాసీలు నలుగురూ వేరే బోటు ఎక్కేస్తారు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకీ పిల్లలున్నారు. ఒకసారి ఎక్కారంటే ఏడాదంతా అక్కడే. కలాసీలు లేని బోటు ఒడ్డున ఆరేసిన చొక్కా లాంటిది.

ఇంతకీ ఆ టాపు నాకు ఎక్కడ దొరికిందో చెబితే నవ్వుతారు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, టీ కొట్టు నెత్తిమీద. ఊరికి పోవాలంటే బందరు బస్సు అక్కడే ఎక్కాలి. బస్సు కోసం చూస్తూ ఎన్నోసార్లు ఆ కొట్టులో టీ తాగాను. కొట్టు నడిపే ఆవిడది నల్గొండ దగ్గర పల్లె. నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆవిడ బిడ్డా అనేది. కనపడ్డప్పుడల్లా "యాడికెళ్లి ఒస్తున్నవ్ బిడ్డా?" అని అడిగేది. వాళ్ల మాటలో 'కెళ్లి' అంటే 'నుంచి' అని నాకు తెలుసు. తెలిసి కూడా వంకరగా, "ఎక్కడికీ వెళ్లలేదు పెద్దమ్మా, దిల్‌సుఖ్‌నగర్ నుంచి వస్తున్నా" అని 'నుంచి'ని ఒత్తి చెప్పేదాన్ని. ఆవిడ నవ్వేసేది. నాకు నోరు కాస్త ఎక్కువని మా అమ్మ ఊరికే అనలేదు.

ఒకరోజు అలాగే గ్లాసు పట్టుకుని తలెత్తి చూశాను. కొట్టు పైకప్పు తెల్లటి ఫైబర్. ముందు అంచు గుండ్రంగా కిందికి వంగి ఉంది. లోపలి వైపు చేత్తో పట్టుకునే కడ్డీకి బిగించిన బొక్కలున్నాయి. బోట్లలో పెరిగినదాన్ని, అది ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అడిగితే పెద్దమ్మ మొగుణ్ణి పిలిచింది. ఆయన కొట్టు వెనకాలే ఫైబర్ పని చేసేవాడు. లారీలకి, ఆటోలకి టాపులు పోసేవాడు. పాత షికారు పడవని తుక్కు కింద కొన్నానని, అంతా కోసి వాడేసుకున్నా ఈ కప్పు బాగుందని భార్య కొట్టుకి పెట్టానని చెప్పాడు. టేపు పట్టి చూపించాడు. పొడవు సరిగ్గా ఎనిమిదడుగులు. అన్నయ్యకి కావలసిందీ అంతే. వెడల్పు మాత్రం కాస్త ఎక్కువ, పక్కలు కోస్తే సరిపోతుంది.

పెద్దమ్మ మొదట ససేమిరా అంది. ఎండాకాలంలో నీడ తీసి నీకిచ్చి నేనేం చెయ్యాలని అడిగింది. అందులో అన్యాయమేముంది? నేను కలాసీల సంగతి చెప్పాను. ఆవిడ తమ్ముడు లారీ నడిపేవాడట, ఒక లారీ ఆరు నెలలు షెడ్డులో ఉంటే క్లీనర్లూ డ్రైవర్లూ ఎలా చెదిరిపోయారో ఆవిడకి తెలుసు. కాసేపు టీ వడకట్టి, మొగుడి వైపు తిరిగి, నాకు ఇంకోటి చేసిపెట్టు, గీ పిల్లకి గిది ఇచ్చెయ్ అంది.

ఇక మిగిలింది కన్నం. అన్నయ్య బోటులో కేబిన్ మధ్య నుంచి ఒక ఇనుప పైపు నిలువుగా లేస్తుంది. దీపమూ, వైర్‌లెస్ తీగా దాని మీదే. పైపు టాపులోంచి పైకి రావాలి. అది బోటుకి అతికి ఉంది, జరగదు. కన్నం తప్పితే టాపు కూర్చోదు, అతుకు వేసి ఆరబెట్టి మళ్లీ కొయ్యాలంటే అక్కడ మేస్త్రీ ఎవడూ ఖాళీ లేడు. అన్నయ్య ఫోనులో కొలత చెప్పాడు. టాపు మధ్యలో గీత గీసి, అక్కణ్ణుంచి ముందుకెళ్లి రెండడుగులకి పైపు. నేను మన మేస్త్రీ, అదే పెద్దమ్మ మొగుడి దగ్గరికి పోయి మధ్యలో సుద్దగీత గీసి, గీత మీద చెయ్యి పెట్టి చెప్పాను, ముందుకెళ్లి రెండడుగులకి కన్నం పెట్టండి అని. ఆయన తలూపాడు. నేను క్లాసుకి పరిగెత్తాను.

మర్నాడు బంద్, పొద్దున్నుంచే హైవే మూసేస్తారని సాయంత్రానికే ఒక డీసీఎం వ్యాను మాట్లాడాం. నేను క్లాసు ముగించి చేరేసరికి టాపు బోర్లించి తాళ్లతో కట్టేశారు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. కన్నం చక్కగా, అంచులు రుద్ది మరీ పెట్టాడు. ఎలా కొలిచారని ఊరికే అడిగాను. "ముంగటికెళ్లి రెండడుగులు. మీరు చెప్పినట్లే" అన్నాడు.

ముంగటికెళ్లి. ముందువైపు నుంచి. నేను చెప్పింది మధ్య నుంచి ముందుకి పొమ్మని. ఆయన వింది ముందు అంచు నుంచి కొలవమని. ఒకే మాట, నా నోట ఒక దారి, ఆయన చెవిలో ఇంకో దారి పట్టింది. కోపంతో నాకు ఒళ్లు తెలియలేదు.

"మీ తెలుగుతో మా అన్నయ్య బతుకు తీశారండీ. ముందు 'నుంచి' అనడం నేర్చుకోండి" అన్నాను.

ఆ రోజుల్లో, ఆ చౌరస్తాలో, కోస్తా నుంచి వచ్చినదాన్ని నేను ఆ మాట అన్నాను. టీ తాగుతున్న ఇద్దరు గ్లాసులు దించి నా వైపు చూశారు. పెద్దమ్మ నన్ను చూడకుండా పొయ్యి మీది గిన్నె వైపు తిరిగింది. మేస్త్రీ టేపు తీసి నా ముందు పెట్టాడు.

"నాకు మీ తీరు రాకపోవచ్చు మేడం. టేపైతే ఇద్దరికి ఒక్కటే. పట్టి సూడుండ్రి."

నేను పట్టలేదు. ఆ మొండితనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. డ్రైవరు ఇంక ఆగనన్నాడు. కన్నం తప్పైనా సరే, టాపు ఊరు చేరడం ముఖ్యమనుకుని పొమ్మన్నాను. మేస్త్రీకి చెప్పకుండా, పెద్దమ్మకి చెప్పకుండా షేర్ ఆటో ఎక్కి వచ్చేశాను.

మర్నాడు బంద్. షాపులన్నీ షట్టర్లు దించేశాయి, కోచింగ్ సెంటరు మూత. వీధిలో డప్పుల చప్పుడు, నినాదాలు. అన్నయ్యకి నేను కన్నం సంగతి చెప్పలేదు. ఏ నోటితో చెప్పను? పొద్దున టాపు ఒడ్డుకి చేరిందని ఫోను చేశాడు, గొంతులో సంబరం. కలాసీలు నలుగురూ వచ్చారట, ఎత్తడానికి. నేను ఊఁ అని పెట్టేశాను. పైపు ఒకచోట, కన్నం ఒకచోట, నలుగురూ తలలు గోక్కుంటూ పక్క బోటు వైపు చూడటం, అదే కళ్లముందు తిరిగింది.

మధ్యాహ్నం ఫోను మోగింది. "దిగింది" అన్నాడు అన్నయ్య. పైపు కన్నంలోంచి దారం సూదిలోకి దూరినట్టు వచ్చిందట. ఎల్లుండి తెల్లారి వేటకెళ్తున్నాం, కలాసీలు ఇక్కడే ఉన్నారు, ఆ మేస్త్రీకి నా దండం చెప్పు అన్నాడు.

అప్పుడు కూలబడి నవ్వాను. నవ్వు ఆగాక పేపరు అంచు మీద రాసుకున్నాను. పొడవు ఎనిమిది. మధ్య నాలుగు. నాలుగు నుంచి ముందుకి రెండు పోతే, ముందు అంచుకి మిగిలేది రెండు. మధ్య నుంచి పోయినా, ముందు నుంచి వచ్చినా అదే చోటు. మూడో తరగతి పిల్లాడు చెప్పే లెక్క. కోపం ముందు కూర్చుంటే నా చదువంతా గుమ్మం బయట నిలబడింది.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎండలో నడుచుకుంటూ ఎల్‌బీ నగర్ పోయాను. చౌరస్తాలో నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుంటున్నారు, పెద్ద జనం. కొట్టు మీద టాపు పోయిన చోట నీలం ప్లాస్టిక్ కవరు కట్టుకున్నారు. పెద్దమ్మ అందరికీ టీ పోస్తోంది, మేస్త్రీ గ్లాసులు కడుగుతున్నాడు. నేను ఆయన దగ్గరికి పోయి, కన్నం సరిగ్గా కూర్చుందని చెప్పాను. లెక్క నేనే తప్పానని, నిన్న అన్న మాట అనకూడనిదని, క్షమించమని అడిగాను. ఏడ్చేశాను కూడా.

ఆయన చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"ఎనిమిదడుగులల్ల యాడికెళ్లి కొలిచినా గాడికే ఒస్తది మేడం. నిన్న గదే చెప్పబోయిన, మీరు ఇనలే" అని, మీ అన్న ఎప్పుడు పోతుండని అడిగాడు. ఎల్లుండి అన్నాను. ఆయన మొహం వెలిగింది.

అప్పటికి పెద్దమ్మ నన్ను చూసింది. బస్సుల్లేని రోజు చెమటతో తడిసి నిలబడ్డ నన్ను పైనించి కిందికి చూసి, ఎప్పటిలాగే అడిగింది.

"యాడికెళ్లి ఒస్తున్నవ్ బిడ్డా?"

"దిల్‌సుఖ్‌నగర్‌కెళ్లి పెద్దమ్మా" అన్నాను. ఆవిడ స్టూలు మీది గిన్నె తీసి పక్కన పెట్టి, నన్ను ఆ కవరు నీడలోకి జరగమంది.