దూడకు సరిపోయే బోను కోసం మూడు ఊళ్లు

పెన్‌పహాడ్ దగ్గర మా పశువుల కొట్టంలో పోయిన నెల ఒక దూడ చచ్చిపోయింది. చెవికి నంబరు పోగు వేయడానికి నలుగురు మగవాళ్లు తాడేసి పడగొట్టారు. ఒకరు మెడ మీద, ఒకరు తొడ మీద కూర్చున్నారు. ముందుకాలు విరిగింది, అది మళ్లీ లేవలేదు. మా వైపు దూడను పట్టడమంటే ఇప్పటికీ ఇదే. నా కొట్టంలో ఇక ఏ దూడనూ పడగొట్టనివ్వనని, నిలబెట్టి పట్టే ఇనుప బోను కొంటానని ఆ సాయంత్రమే చెప్పాను. "బేస్తవారం డాక్టర్ వస్తడు వదినా, కొమ్ముల మొగ్గలు కాల్చాలె. అప్పటికి నీ ఇనుప బోను వస్తే సరే, రాకుంటే మల్ల మావోళ్లనే పిలుస్త" అన్నాడు మా మరిది. ఇది మంచిదా, అది మంచిదా అని ఫోన్లో వీడియోలు చూస్తూ, అనుమానపడుతూ రోజులన్నీ గడిపేశాను. చివరికి బుధవారం పొద్దున, కొట్టంలో నాతోపాటు పనిచేసే సైదమ్మను వెంటబెట్టుకుని సూర్యాపేట బస్సెక్కాను. ఆధార్ కార్డు మరిచిపోకండి, అది చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు.

సూర్యాపేటలో పాడి సామాన్ల దుకాణాలు తొమ్మిదిన్నర దాటితే గానీ తెరవరు. ఇడ్లీ తిని వెళ్లేసరికి యజమాని అప్పుడే షట్టర్ లేపుతున్నాడు. "సార్ రాలేదా మేడం?" అన్నది అతని మొదటి మాట. "సార్ ఇంట్ల వంట చేస్తుండు" అన్నాను. నవ్వి, బర్రెలకు వాడే పెద్ద బోను చూపించాడు. "దూడలు పెరుగుతయ్ గద, జర పెద్దగనే తీస్కోన్రి." బడి తెరిచేటప్పుడు పిల్లలకు రెండు వేళ్లు వదులుగా యూనిఫాం కుట్టించే మనుషులం, ఆ మాట నాకూ సబబుగానే తోచింది. దాదాపు సరేననబోయాను. ఏదో అనుమానం వచ్చి చెప్పులు విడిచి, బోనులోకి దూరి, చుట్టూ ఒక తిరుగుడు తిరిగాను. ఏ కమ్మీకీ తగలలేదు. దుకాణంలో వాళ్లంతా పనులాపి చూస్తున్నారు. "నేనే గిట్ల తిరిగితే, మూడు నెలల దూడ తిరగదా? తిరిగి సందుల తల ఇరికించుకుంటే ఎవరు తీస్తరు?" అన్నాను. "గట్ల ఎవ్వరు సూడరు మేడం" అన్నాడు. ఎవరూ చూడకపోవడం వల్లే మేం బయలుదేరామని చెప్పి బయటపడ్డాం.

హైవే మీద కోదాడకు గంట ప్రయాణం. అక్కడి దుకాణంలో తిరగేసే బల్ల ఉంది. దూడను నిలబెట్టి దానికి బిగించి, చక్రం తిప్పితే అది పక్కకు ఒరుగుతుంది. చూడగానే మనసు పారేసుకున్నాను. ధర లక్ష దాటింది, అది వేరే సంగతి. "పడుకోబెట్టేస్తే ఇక కదలదండీ. ఇద్దరు కుర్రాళ్లుంటే చాలు" అన్నాడు దుకాణదారు. కుర్రాళ్లు లేరు, మేమిద్దరమే అన్నాను. అతను సైదమ్మను ఎగాదిగా చూశాడు. "ఏంది అట్ల సూస్తున్నవ్? రోజూ పది బర్రెల పాలు పిండే చేతులివి" అంది సైదమ్మ. నిజమే, కానీ ఖాళీ బల్లను కూడా ఇద్దరం కలిసి సగం దాకానే తిప్పగలిగాం. దూడ బరువు పడితే అంతే సంగతులు.

అక్కణ్ణుంచి మిర్యాలగూడకు బయలుదేరి, హుజూర్‌నగర్‌లో బస్సు మారే ముందు భోజనానికి కూర్చున్నాం. పప్పు కలుపుకుంటుంటే మరిది ఫోన్. "దొరికిందా వదినా? మావోళ్లకు చెప్పాల్నా?"

"చెప్పకు" అని పెట్టేశాను. గొంతు గట్టిగానే వచ్చింది గానీ అనుమానం మళ్లీ మొదలైంది. ఒక్క దూడ పోయిందని ఊరంతటి అలవాటు మీద కోపం పెట్టుకున్నానా? సైదమ్మ నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. "దొరకకుంటే ఎట్లమ్మా?"

"డాక్టర్‌ను వాపస్ పంపుత. పట్టనియ్య."

మిర్యాలగూడలో దిగేసరికి మూడు దాటింది. ఊరి బయట గేట్లు, కిటికీలు చేసే వెల్డింగ్ షాపులు వరుసగా ఉంటాయి. మూడో షాపులో, ఎవరో చేయించుకుని తీసుకుపోని దూడల బోను ఒకటి దొరికింది. అదీ వెడల్పే. పక్క గోడ లోపలికి జరిగేలా చేయమన్నాను.

"దూడ పెరుగుతది గదమ్మా" అన్నాడు షాపాయన.

"పెరిగినప్పుడు గోడ బయటికి జరుపుకుంట. పైపులకు రంధ్రాలు పెట్టి పిన్నులియ్యన్నా."

"అట్ల ఎవ్వరు చేయించుకోలే."

"నేను చేయించుకుంటున్న."

మెడ దగ్గర వంకర కమ్మీలు తీసి నిటారువి పెట్టమన్నాను, దూడ మోకాళ్లు వంగినా గొంతు నొక్కుకోకుండా. కాళ్లు సందుల్లో ఇరుక్కోకుండా కింద రేకు కొట్టమన్నాను. రేపు రమ్మన్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. "అయ్యేదాక గీడనే ఉంటం" అంది సైదమ్మ, చాయ్ కూడా మేమే తెప్పిస్తామని. చీకటిపడే వేళకు అయింది. మొత్తం ఖర్చు కోదాడ బల్ల ధరలో ఐదోవంతు కాలేదు. ట్రాలీ ఆటోకు పదిహేను వందలు కిరాయి.

వద్దన్నా మరిది చెప్పినట్టున్నాడు, మర్నాడు పొద్దున ఆ నలుగురు మగవాళ్లూ వచ్చి కొట్టం ముందు నిలబడ్డారు. మొదటి దూడ ఇనుము చప్పుడుకు బెదిరి వెనక్కి లాగింది. "చెప్పలే?" అన్నాడు మరిది. తలుపు అంచులకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, ఈసారి మెల్లగా లోపలికి తోలాం. పోయింది. నేనే తలుపు వేశాను. డాక్టర్ మత్తు సూది వేసి, ఆగి, మొగ్గలు కాల్చారు. ఆరు దూడలూ అయిపోయాయి. "ఇగ మేమెందుకు వచ్చినట్టు?" అన్నాడు వాళ్లలో పెద్దాయన. "చాయ్ తాగి పోండ్రి" అన్నాను.

ఒక దూడ లోపల భయపడి అరిచింది. బోను కూడా బంధించేదే కదా అనే అనుమానం నన్ను వదల్లేదు, వదలకూడదు కూడా. అయినా ఆరింటిలో ఒక్కటీ నేల మీద పడలేదు, ఒక్కదాని మీదా ఎవరూ కూర్చోలేదు. ఇంకా నవ్వేవాళ్లుంటే నవ్వుకోనీ, మా కొట్టంలో పద్ధతి మాత్రం ఇదే. మీరూ కొనడానికి వెళితే ఒక్కటి చేయండి: దుకాణంలోనే తలుపు వేసి, గడియ పెట్టి, గోడ జరిపి చూడండి, ఒంటరిగా. పక్కవాళ్ల చెయ్యి పడితే తప్ప కదలకపోతే, ఎంత చవకగా ఇచ్చినా అక్కడే వదిలేసి రండి.