క్యోటో ప్లాన్ నేనే రాశాను

శామీర్‌పేట దాటాక ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో నేను ఐదేళ్ళు ల్యాబ్ కెమిస్టుగా పనిచేశాను. మాత్రలు బయటికి పోయే ముందు వాటిని పరీక్షించి సంతకం పెట్టడం నా పని. ఆ మాత్రలు తయారుచేసే మెషీన్లన్నిటినీ చూసుకునే మెయింటెనెన్స్ ఇన్‌చార్జి, అల్వాల్ నుంచి వచ్చే ఒక పెద్దాయన. పెద్దాయన అని మర్యాద కోసం రాస్తున్నాను. ఆ రోజుల్లో నా మనసులో ఆయనకు వేరే మాట ఉండేది.

మాకు చెడింది ఒక రిపోర్టు దగ్గర. ఒక బ్యాచ్ మాత్రల మీద నల్లటి చుక్కలు కనిపిస్తే, పరీక్ష చేసి, అవి మెషీన్ నుంచి రాలిన ఇనుప పొడి అని రాశాను. బ్యాచ్ మొత్తం పారబోశారు. ఆయనకు మెమో వచ్చింది. మర్నాడు ల్యాబ్ గుమ్మంలో నిలబడి అందరూ వినేలా అన్నాడు.

“ఇరవై ఏండ్ల సంది మెషీన్లు నడిపిస్తున్న. నిన్న మొన్న వచ్చిన పోరి నాకు నేర్పుతాంది.”

“మెషీన్ సాఫ్ జేస్తే నేర్పే అవసరమే రాదు సార్” అన్నాను.

ల్యాబ్‌లో వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఆయన మర్చిపోలేదు. అప్పటి నుంచి నన్ను కలెక్టరమ్మ అని పిలిచేవాడు. నేను క్యాంటీన్‌లోకి వస్తే, “లేవుండ్రి లేవుండ్రి, కలెక్టరమ్మ వచ్చింది” అని తన పక్కవాళ్ళను లేపేవాడు. నేనూ తక్కువ తినలేదు. ఆయన మెషీన్ల నుంచి వచ్చిన ప్రతి శాంపిల్‌నూ అవసరానికి మించి పరీక్షించేదాన్ని. దొరికిన ప్రతి తప్పునూ పెద్ద అక్షరాల్లో రాసేదాన్ని.

2012లో మా ఫ్యాక్టరీ జపాన్ నుంచి ఒక మెషీన్ కొన్నది. మాత్రల మీద పగుళ్ళూ మరకలూ కెమెరాతో పట్టుకునే మెషీన్ అది. దాన్ని నడపడం నేర్చుకోవడానికి ఇద్దరిని రెండు వారాలు ఒసాకా పంపుతామన్నారు. మెయింటెనెన్స్ నుంచి ఆయన వెళ్ళడం ఖాయం. రెండోవాడు తన సెక్షన్‌లోని మనిషే అవుతాడని ఆయన అనుకున్నాడు, అతనికి చెప్పి పాస్‌పోర్టు కూడా తీయించాడు. నోటీసు బోర్డు మీద రెండో పేరు నాది పడింది.

ఆ ఆదివారం ఆయన అత్వెల్లి వచ్చాడు.

అత్వెల్లిలో హైవే పక్కన మా నాన్న ఒక జామతోట కౌలుకు తీసుకుని, తోట ముందే తడకల నీడలో కాయలు అమ్మేవాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ, ఆయన్ను అబ్బా అంటాం. బేరాలన్నీ తెలుగులోనే. అల్వాల్ నుంచి ఒక మనిషి స్కూటర్ మీద జామకాయల కోసం అత్వెల్లి దాకా రాడు. నేను తోటలో గంపలు సర్దుతూ గొంతు గుర్తుపట్టి, తడక వెనకే ఆగిపోయాను.

“నీ బిడ్డ మా కంపెనీలనే జేస్తది” అంటున్నాడాయన. “మంచి పిల్ల. గని జపాన్ అంటే మాటలా? పదిహేను దినాలు పరాయి మొగోనితోటి పోవుడు. రేపు పెండ్లి సంబంధమొస్తే వాళ్ళేమనుకుంటరు? ఒక పెద్దమనిషిగ చెప్తున్న, ఆలోచన జెయ్యి.”

నాతో జపాన్ వచ్చేది ఈ ఇన్‌చార్జేనని అబ్బాకు ముందే చెప్పి ఉన్నాను. అబ్బా కాయలు కాగితం సంచీలో వేసి అందించాడు.

“పరాయి మొగోడంటే మీరే గద సార్?” అన్నాడు తర్వాత. “మా బిడ్డ పోతది. మీ మీద మీకే భరోసా లేకుంటె మీరే ఆగుండ్రి.”

స్కూటర్ వెళ్ళిపోయాక బయటికి వచ్చాను. అబ్బా నా మొహం చూసి, “విన్నావా?” అని అడిగాడు. విన్నానన్నాను. “అయితే ఇగ మర్చిపో” అన్నాడు. నేను మర్చిపోలేదు. మా తోట ముందు నిలబడి మా నాన్నకు నా పెళ్ళి గురించి చెప్పిన మనిషిని ఏం చేయాలా అని ఆ రోజంతా ఆలోచించాను. ఏమీ తోచలేదు.

తోచింది మూడు వారాల తర్వాత. ఒసాకా కంపెనీవాళ్ళు మెయిల్ పంపారు. మధ్యలో వచ్చే శనివారం మీకు సెలవు, పక్కనే క్యోటో అనే పాత రాజధాని ఉంది, చూడాలనుకునే చోట్లు వరసగా రాసి పంపండి, తోడుగా మా మనిషిని ఇస్తాం, ఆదివారం మాత్రం మెషీన్లు తయారయ్యే ఇంకో ఊరికి బయల్దేరాలి, అని. ప్లాంట్ మేనేజర్ మా ఇద్దరినీ పిలిచి, కలిసి కూర్చుని ప్లాన్ రాయమన్నాడు.

క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన అప్పటికే కాగితం తయారుచేసుకుని వచ్చాడు. ఐదు గుళ్ళ పేర్లు, వాటి ఎదురుగా తన పేరు. కింద నా పేరు, దాని ఎదురుగా ‘హోటల్ రెస్ట్, షాపింగ్’ అని ఉంది.

“ఇదేంది సార్?”

“గుళ్ళకు నువ్వొచ్చి ఏం జేస్తవు? మీవోళ్ళు గుళ్ళల్లకు రారు గద.”

“అవి బుద్ధుని గుళ్ళు. మీకెంత చుట్టమో నాకూ అంతే.”

“తిండి గూడ వేరేనాయె. నీకోసం ఊరంత తిరుగుకుంట హోటళ్ళు వెతకాల్నా?”

“నా తిండి నేను తెచ్చుకుంట. ఆడ ఒక కోట ఉందంట, నేను అది సూడాలె.”

“గోల్కొండ సూడలేదా? రాళ్ళు గోడలు ఏడనైనా ఒక్కటే” అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పళ్ళేల్లోంచి తలలెత్తి చూస్తున్నారు. నేను తెచ్చుకున్న రొట్టె సగంలో వదిలేసి ల్యాబ్‌కు వెళ్ళిపోయాను.

ఆయన తన ప్లాన్‌ను ఇంగ్లీషులో పెట్టి మేనేజర్‌కు ఇచ్చాడు. మేనేజర్ రెండు లైన్లు చదివి, ఈ ఇంగ్లీషు వాళ్ళకు అర్థం కాదు, ఆ అమ్మాయితో రాయించమని తిప్పి పంపాడు. ఆ సాయంత్రం షిఫ్టు మారే వేళ ఆయన ల్యాబ్‌కు వచ్చాడు. ఈసారి గుమ్మంలో ఆగలేదు, నా బల్ల దాకా వచ్చాడు.

“నువ్వే రాయి. నీ కోట గూడ పెట్టుకో” అన్నాడు. వెళ్ళబోయి ఆగాడు. “గా బంగారు గుడి మాత్రం ఉండాలె. మిగిలినయి నీ ఇష్టం.”

ఆ గుడి సంగతి ఫ్యాక్టరీలో తెలియనివాళ్ళు లేరు. చెరువు ఒడ్డున బంగారు రేకు తొడిగిన రెండు పై అంతస్తులు, నీళ్ళలో వాటి నీడ. ఎవరో మెషీన్ల కంపెనీవాళ్ళు ఇచ్చిన క్యాలెండర్‌లోని ఆ బొమ్మను ఆయన కత్తిరించి తన గదిలో అతికించుకున్నాడు. కొత్తగా చేరిన ప్రతి మనిషికీ దాన్ని చూపించి, చచ్చేలోపు ఒక్కసారి అక్కడ నిలబడాలి అనేవాడు. ఆయన నన్ను అడిగింది ఆ ఒక్కటే. అడిగేటప్పుడు ఆ గొంతులో ఎగతాళి లేదు. అది నేను గమనించాను. గమనించి కూడా చేశాను.

మేడ్చల్ బస్ డిపో దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది. రెండు ఆదివారాలు అక్కడ కూర్చున్నాను. మొదట నిజంగానే ఊరు చూడాలన్న ఆశతోనే వెతికాను. కొండ మీదికి వేల ఎర్ర ద్వారాలున్న గుడి, కొండ అంచున పెద్ద చెక్క వరండా ఉన్న గుడి, నడిస్తే పిట్టల్లా కూసే చెక్క నేల ఉన్న కోట. మ్యాప్ ప్రింటు తీయించి ఒక్కొక్కటీ పెన్నుతో గుర్తుపెట్టాను. తిరునాళ్ళకు పోయే పిల్లలా ఉన్నాను.

అప్పుడు రెండు సంగతులు కనిపించాయి. బంగారు గుడి మిగిలినవాటికి దూరంగా ఊరికి ఇంకో మూల ఉంది, దగ్గర్లో రైలు లేదు, సిటీ బస్సులోనే పోవాలి. సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. మేం వెళ్ళేది నవంబరులో, ఆకులు ఎర్రబడే కాలం. ఆ శని ఆదివారాల్లో బస్సులు కదలవని, ఆ గుడికి పొద్దున్నే పోవాలని, ఆ ఊరు చూసొచ్చినవాళ్ళందరూ రాశారు.

గుడిని తీసేస్తే ఆయన కనిపెడతాడు. అందుకని తీయలేదు. చివరన పెట్టాను. పొద్దున ఎర్ర ద్వారాలు, తర్వాత చెక్క వరండా, భోజనం, మూడింటికి కోట, నాలుగున్నరకు బంగారు గుడి. కోట నుంచి ఇరవై నిమిషాలు అని పక్కన రాశాను. ఖాళీ రోడ్డు మీద అది అబద్ధం కాదు.

ప్లాన్ చూపిస్తే ఆయన వేలు పైనుంచి జారుతూ వెళ్ళి చివరి వరస దగ్గర ఆగింది. “మంచిది” అన్నాడు. నాతో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. నా చెంపలు వేడెక్కాయి. అయినా ఆ మధ్యాహ్నమే మెయిల్ పంపేశాను.

క్యోటో స్టేషన్‌లో మమ్మల్ని కలిసిన ఒసాకా కంపెనీ అమ్మాయి నా ప్లాన్ చేతిలో పట్టుకుని, చాలా మెల్లగా, చాలా మర్యాదగా ఒక మాట చెప్పింది. బంగారు గుడి ముందు చూస్తే బాగుంటుందేమో, సాయంత్రం రద్దీ ఉంటుంది, అని. నేను నోరు తెరిచేలోపే ఆయన అడ్డం వచ్చాడు.

“నో, నో. గోల్డ్ లాస్ట్” అన్నాడు ఇంగ్లీషులో. నాకేసి తిరిగి తెలుగులో, “మంచిది ఆఖర్లనే సూడాలె. నువ్వు రాసినట్లనే పోదాం” అన్నాడు.

ఆ క్షణంలో ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. ఆ అమ్మాయి నా మొహం చూసింది. నేను ప్లాన్ ప్రకారమే పోదామన్నాను.

పొద్దున్నుంచీ ఆయన నాకు ముందే నడిచాడు. ఎర్ర ద్వారాల దగ్గర తన ఫోటోలు నాతో తీయించుకున్నాడు, నావి తీయలేదు. మధ్యాహ్నం నేను నా రొట్టె విప్పితే ఇంకో బల్ల మీదికి వెళ్ళాడు. నాకు మిగిలిన కాస్త జాలీ అక్కడ పోయింది. కోటలో కావాలనే ఆలస్యం చేశాను. పిట్టల నేల మీద ఒకసారి నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి నడిచాను. నేల నిజంగానే కూసింది. ఆయన గేటు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

“జల్దీ రా, ఎంతసేపు!”

“వస్తున్న సార్” అని లోపలికి పోతూ విప్పిన బూట్ల లేసులు మెల్లగా కట్టుకున్నాను.

బస్సులో కాలు పెట్టే చోటు లేదు. రోడ్డు నిండా బస్సులే. ఒక్కో సిగ్నల్ దగ్గర మూడుసార్లు ఆగాం. ఆయన జనం భుజాల మీంచి అద్దంలోకి తొంగిచూస్తూ, ప్రతి స్టాపులోనూ ఆ అమ్మాయిని “దిస్? దిస్?” అని అడుగుతున్నాడు. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరగడం ఒక్కటే తక్కువ. దిగి పరుగెత్తాం. యాభై దాటిన మనిషి, నాకంటే ముందు పరుగెత్తాడు.

గేటు మూసేశారు. కాపలా మనిషి వంగి ఏదో చెప్పాడు. ఆ అమ్మాయి ఆయన ముందు వంగింది, మళ్ళీ వంగింది. తప్పంతా తనదన్నట్టు ఎన్నిసార్లు వంగిందో. బయట నుంచి చెట్లు తప్ప ఏమీ కనిపించదు. ఆయన మునివేళ్ళ మీద లేచి చూశాడు. అటు గోడ వెంట కొంత దూరం నడిచి, వెనక్కి వచ్చాడు.

నేను ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన మొహం అది. సంతోషం వస్తుందనుకున్నాను. కొంచెం వచ్చింది కూడా, అబద్ధం ఎందుకు. దాని వెనకే ఆ అమ్మాయి మొహం చూసి తల తిప్పుకున్నాను.

ఒసాకా రైల్లో ఆయన ప్లాన్ ఇమ్మని చెయ్యి చాపాడు. నేను ఫైలు మొత్తం ఇచ్చేశాను. అందులో మేడ్చల్‌లో తీయించిన ప్రింట్లు అన్నీ ఉన్నాయి. గుడి మూసే వేళ కింద నేను పెన్నుతో గీసిన రెండు గీతలు కూడా. అవి ఉన్న సంగతి నాకు గుర్తులేదు. ఆయన ఆ కాగితం దగ్గర చాలాసేపు ఆగాడు.

“నీకు ఎరికనే ఉండె.”

“ఎరికనే.”

“మీ నాయిన దగ్గరికి పోయినందుకా?”

“దానికీ” అన్నాను. “హోటల్ రెస్ట్ అని రాసినందుకు గూడ.”

ఫైలు మూసి నా ఒళ్ళో పెట్టాడు. ఒసాకా వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

మిగిలిన వారమంతా ఒకే మెషీన్‌కు చెరోవైపు నిలబడ్డాం. నాకు చెప్పాల్సిన మాటలు కూడా ఆయన తన వచ్చీరాని ఇంగ్లీషులో, మాకు నేర్పే జపాన్ మనిషికి చెప్పేవాడు, ఆ మనిషి మళ్ళీ నాకు చెప్పేవాడు. పని మాత్రం ఇద్దరం బాగానే నేర్చుకున్నాం.

తిరిగొచ్చాక మేనేజర్‌కు చెప్పి నన్ను బద్‌నాం చేస్తాడనుకున్నాను. జవాబు కూడా తయారు చేసుకున్నాను. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు క్యాంటీన్‌లో చుట్టూ పదిమంది కూర్చుని, గుడి ఎట్లా ఉందని అడుగుతున్నారు. నేను నీళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన నన్ను చూశాడు. చూస్తూనే చెప్పాడు. “మస్తుంటది. పొద్దు గూకేటప్పుడు పోయినం. బంగారమంత నీళ్ళల్ల పడి కండ్లు జిగేల్‌మన్నయి.”

నేను ఒక్క మాట అంటే చాలు, ల్యాబ్‌లో నవ్వినట్టే మళ్ళీ అందరూ నవ్వేవాళ్ళు. గ్లాసు నింపుకుని వెళ్ళిపోయాను. అది మంచితనమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. తన అబద్ధం తెలిసీ నేను నోరు మూసుకున్నందుకు ఆయన నన్ను ఇంకా ఎక్కువ అసహ్యించుకుంటాడని నాకు తెలుసు. అట్లాగే జరిగింది. కలెక్టరమ్మ అని పిలవడం మానేశాడు, ఏ పేరుతోనూ పిలవలేదు. నేను వస్తుంటే దారి మార్చుకునేవాడు. రిపోర్టుల మీద వాదించడం కూడా మానేశాడు. నేను తప్పు రాస్తే, మారుమాట లేకుండా మెషీన్ విప్పించి కడిగించేవాడు.

2014లో నేను వేరే చోట ఉద్యోగం దొరికి మానేశాను. వెళ్ళేముందు ప్రతి సెక్షన్ నుంచీ నాతో బాకీ పని ఏమీ లేదని సంతకం తీసుకోవాలి. ఆయన గదికి ఆఖర్న వెళ్ళాను. పోతున్నానని చెప్పాను. క్షమించమని అడగాలని గుమ్మం దాకా అనుకున్నాను, లోపలికి వెళ్ళాక ఆయనే ముందు అడగాలనిపించింది. ఆయనకూ అలాగే అనిపించిందేమో, పెన్ను పట్టుకుని కొంతసేపు కాగితం మీదే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత సంతకం పెట్టి, తల ఎత్తకుండా కాగితాన్ని బల్ల మీదుగా నా వైపు తోశాడు.