విరగని రెక్క

తార్నాకలో మా సందు మొదట్లో పెళ్లి మండపాలకు థర్మకోల్ అక్షరాలు కోసే కొట్టు ఉంది. ఎర్రగా కాలిన తీగ థర్మకోల్‌లోకి దిగుతుంటే లేచే ఆ ఘాటు వాసనకు అందరూ ముక్కు మూసుకుని పోతారు. నేను మాత్రం పిచ్చిదానిలా కాసేపు నిలబడతాను. నాకది విమానం రెక్క వాసన; కాలేజీలో మా చిన్న విమానాల రెక్కలు ఇలాగే థర్మకోల్‌లో కోసేవాళ్లం. వెంటనే వసుంధర మేడం గుర్తొస్తారు.

యూనివర్సిటీలో ఆమె మాకు విమాన నిర్మాణం చెప్పేవారు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి పాత స్కూటీ మీద వచ్చి, హెల్మెట్ తీయకముందే తిట్లు మొదలుపెట్టేవారు. విద్యార్థులు మనిషి ఎక్కని చిన్న విమానాలు తయారుచేసి ఎగరేసే పోటీలు జరుగుతాయి కదా, మా జట్టుకు ఆమే పెద్దదిక్కు. ఆ పోటీలో గెలవాలంటే విమానం తాను తేలిగ్గా ఉండి సరుకు ఎక్కువ మోయాలి. మేడం దగ్గర ఒక పద్ధతి ఉండేది. కుడి ఎడమలు కలిపి ఒకే రెక్కగా, అచ్చం ఒకేలాంటివి రెండు చేయాలి. ఎంత బరువుకు విరుగుతుందో తెలియడానికి ఒకదాన్ని అందరి ముందూ ఇసుక సంచులు పేర్చి విరగ్గొట్టాలి, రెండోది ఎగరాలి. సంచులు పెట్టాల్సింది కూడా రెక్క చేసినవాళ్లే. అదెంత కడుపుకోతో చేసినవాళ్లకే తెలుసు.

మూడో ఏడు రెక్క పని నాకు వచ్చింది. ఊరికే రాలేదు, అనంతపురం నోరు కాబట్టి పోట్లాడి తెచ్చుకున్నాను. "రెక్కకు ఏమన్న అయితే అందరి కష్టం మట్టిల కలుస్తది, ఆలోచించుకో" అన్నాడు మా జట్టు నాయకుడు సందీప్. ఆ మాట నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

గాలి రెక్కను కింది నుంచి తోస్తుంది కాబట్టి, పరీక్ష రోజు వర్క్‌షాపులో దాన్ని తలకిందులుగా బిగించి సంచులు పేర్చాను. లెక్క ప్రకారం విరగాల్సిన బరువు దాటింది, రెక్క విరగలేదు. ఇంకా పెట్టాను. ఊహూఁ! సంచులైపోతే మేడం తన హెల్మెట్ కూడా దాని మీద పెట్టారు. అబ్బాయిలు ఈలలు వేశారు. నేను గాల్లో తేలిపోతున్నాను.

"ఏంది పిల్లా, విమానం జేసినవా, మంచం జేసినవా?" అన్నారు మేడం.

అందరూ గొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "విరగలేదు కదా మేడం!" అన్నాను ఏడుపు గొంతుతో.

"గందుకే అడుగుతున్న. రెక్కే గింత బరువుంటే ఇంక సరుకేం మోస్తది? ఏడ భయపడ్డవో చూపియ్యి."

ముందు అబ్బాయిలను టీ తాగి రమ్మని పంపేశారు. ఆ ఒక్క పనికి ఆమె అంటే నాకు ప్రాణం. నడిమి అతుకు చూపించాను. లెక్క ప్రకారం అక్కడ బలానికి జిగురుతో అంటించే ఫైబర్ గుడ్డ రెండు పొరలు చాలు, నేను ఐదు వేశాను. "ఎందుకు?" అన్నారు మేడం.

"విరిగితే, ఆడపిల్ల చేసింది కదా అంటారని."

మేడం ఆ ఐదు పొరల మీద వేలితో తట్టారు. "అంటరు బిడ్డా. నన్ను ఇప్పటికీ అంటరు. నీ లెక్క తప్పా?"

"కాదు మేడం."

"మల్ల దాన్ని నువ్వే నమ్మకుంటే ఇంకెవరు నమ్మాలె?"

రెండు రెక్కలూ పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి రెండే పొరలు. పరీక్షలో రెక్క సరిగ్గా అనుకున్న సంచి దగ్గర ఫట్‌మని విరిగింది. నా జీవితంలో ఇంకేదీ అంత సంతోషంగా విరగ్గొట్టలేదు. కానీ ఎగరబోయేది దాని జోడు. దాన్ని ఎవరూ పరీక్షించలేదు.

పోటీ రోజు గాలి గట్టిగా ఉంది. నిండా సరుకుతో విమానం లేచి మలుపు తిరగగానే రెక్క కొసలు రెండూ పైకి వంగాయి. "విరుగుతది, దించెయ్!" అని అరిచాడు సందీప్. రిమోట్ పట్టుకున్న అబ్బాయి నా వైపు చూశాడు. నేను మేడం వైపు తిరిగాను. టీచర్లు లోపలికి రాకూడదు కాబట్టి మేడం మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడి ఉన్నారు. ఒక్క సైగ చేస్తారేమోనని చూశాను. చేయలేదు. చేతులు కట్టుకుని, విమానాన్ని వదిలేసి నన్నే చూస్తున్నారు.

"వంగనీ. అంత వంగేటట్టే చేశాను. తిప్పు" అన్నాను.

తిరిగింది. చుట్లన్నీ పూర్తిచేసి దిగింది. మాకు మూడో బహుమతే వచ్చింది. మేడం మాత్రం తాడు కింద నుంచి దూరి వచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచారు. అంత గర్వంగా నన్ను మా అమ్మ కూడా ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు విమానాల భాగాలు గీయడమే నా ఉద్యోగం. లెక్క పూర్తయ్యాక కూడా ఇంకో పొర వేద్దామని చెయ్యి లాగుతుంది. అప్పుడు ఆగి, నిజంగా దేనికి భయపడుతున్నానో నన్ను నేను అడుగుతాను. గాలికైతే వేస్తాను. మనుషుల మాటలకైతే వేయను.